నెలసరి గుడ్డ, బోరు నీళ్లు, బడి హాజరు

ఆడపిల్లల చదువు మీద జరిగే సభల్లో ఒక లెక్క తప్పకుండా వినపడుతుంది. మన దేశంలో నెలసరి మొదలవగానే 23 శాతం మంది ఆడపిల్లలు బడి మానేస్తున్నారని. పత్రికలు రాశాయి, స్వచ్ఛంద సంస్థలు నివేదికల్లో ఎక్కించుకున్నాయి, ప్యాడ్ల ప్రచారాల్లోనూ వాడారు. దీని పుట్టుక వెతుక్కుంటూ పోతే 2010-11 నాటి ఏసీ నీల్సన్, ప్లాన్ ఇండియా సర్వే దగ్గర తేలతాం. దేశం మొత్తానికీ వెయ్యి మందికి అటూ ఇటూగా ఆడవాళ్లను అడిగి తీసిన లెక్క అది. ఇంత చిన్న సర్వే మీద అంత పెద్ద మాట నిలబడదు. అయినా పథకాలకూ విరాళాలకూ చాలాకాలంగా అదే పునాది అయింది.

ఇంతకంటే నమ్మదగిన లెక్క ఉంది. భారతదేశంలో కిశోర బాలికల మీద వచ్చిన 138 అధ్యయనాలను వాన్ ఐక్ బృందం 2016లో ఒకచోట చేర్చి చూసింది. దాదాపు 97 వేల మంది పిల్లల సమాచారం అందులో ఉంది. నెలసరి రోజుల్లో బడికి పోవడం లేదని చెప్పినవాళ్లు సుమారు నాలుగో వంతు. మొదటిసారి రక్తం కనపడేదాకా అదేమిటో తెలియనివాళ్లు దాదాపు సగం మంది. నెలలో ఒకటి రెండు రోజులు బడికి రాకపోవడం వేరు, బడి మానేయడం వేరు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే చర్చ చాలావరకు దారి తప్పింది.

ఉతికి వాడే గుడ్డ ప్యాడ్లు, సిలికాన్ కప్పులు, పీరియడ్ ప్యాంటీలు ఇస్తే ఆడపిల్లల చదువు నిలబడుతుందా అన్నది ఈ వ్యాసం చూస్తున్న ప్రశ్న. చూస్తున్నది పాత నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల నేల మీద నిలబడి. 2016 అక్టోబరులో ఆ రెండు జిల్లాలూ చీలి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి, 2019లో నారాయణపేట వచ్చింది. పేర్లు మారినా కరువు, వలస, బోర్ల లోతు మారలేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ వస్తువులు పిల్లలకు అందాలి. హాజరు పెరుగుతుందన్న వాగ్దానం మీద మాత్రం అందకూడదు. ఆ వాగ్దానం నెరవేరదు, నెరవేరనప్పుడు పథకమే ఎత్తేస్తారు.

ఈ ప్రాంతం చదువులో ఎక్కడి నుంచి నడిచి వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 2011 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55 శాతం, ఉమ్మడి రాష్ట్రంలోకెల్లా అడుగున. అక్కడి ఆడవాళ్లలో చదవడం రాయడం వచ్చినవాళ్లు 45 శాతమే. నల్లగొండ ఆడవాళ్లలో 54 శాతం. అంటే ఇవాళ తొమ్మిదో పదో తరగతిలో ఉన్న పిల్లల్లో చాలామంది తల్లులకు, అమ్మమ్మలకు బడి తెలియదు. పెద్దమనిషి అయిన పిల్లకు ఏం చెప్పాలో వాళ్లకు వాళ్ల తల్లులు చెప్పింది మాత్రమే తెలుసు. మూలన కూర్చోబెట్టడం, కంచం చెంబు వేరు పెట్టడం, ఫంక్షన్ చేసి చుట్టాలకు చెప్పడం. ఆ ఫంక్షన్ అయ్యాక ఊళ్లో సంబంధాల మాట మొదలవుతుంది. బడికి మొదటి గండి పడేది అక్కడ.

గుడ్డ సంగతి చూద్దాం. తిరిగి వాడే సాధనం ఈ ఊళ్లకు కొత్తగా వచ్చిందేమీ కాదు. అమ్మమ్మల కాలమంతా నడిచింది దానితోనే. నూలు చీర నలిగి మెత్తబడ్డాక దాన్ని చించి మడతలు పెట్టి వాడేవాళ్లు, ఉతికి మళ్లీ వాడేవాళ్లు. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట, పేరున్న మూడు నేతలూ ఈ రెండు పాత జిల్లాలవే. ఇప్పుడు అదే పల్లెల్లో ఇంట్లో పాత నూలు చీర దొరకడం కష్టం. కూలికి పోయే ఆడవాళ్లు కట్టేది సింథటిక్ చీరలు, ఉతకడం తేలిక, ఆరడం తేలిక, ధర తక్కువ. బతుకమ్మ పండక్కి ప్రభుత్వం 2017 నుంచి పంచిన చీరలు కూడా ఎక్కువగా సిరిసిల్ల మరమగ్గాల మీద నేసిన పాలిస్టరే. పాలిస్టర్ తడిని పీల్చదు, ఒరిపిడికి తొడలు కమిలిపోతాయి, నడిస్తే జారుతుంది. 'పాత పద్ధతి గుడ్డకు పోదాం' అని సులువుగా చెప్పేవాళ్లు ఈ ఒక్క విషయం చూడరు. ఆ గుడ్డ ఇప్పుడు ఇంట్లో లేదు.

దాని స్థానంలోకి వచ్చింది వాడి పారేసే ప్యాడ్. ప్రభుత్వం ఈ దారిలో చాలా దూరం వచ్చింది. కేంద్రం 2011 నుంచి ఆశాల ద్వారా ఆరు ప్యాడ్ల 'ఫ్రీడేస్' ప్యాకెట్ ఆరు రూపాయలకు అమ్మించింది. 2018 జులైలో ప్యాడ్ల మీద జీఎస్టీ ఎత్తేశారు. 2019 నుంచి జనఔషధి దుకాణాల్లో 'సువిధ' ప్యాడ్ రూపాయికి దొరుకుతోంది. తెలంగాణ ప్రభుత్వం 2018లో 'బాలికా ఆరోగ్య రక్ష' పేరుతో ప్రభుత్వ బడుల్లో ఏడు నుంచి పదో తరగతి దాకా కిట్లు ఇచ్చింది. 2022లో ఎనిమిది నుంచి ఇంటర్ దాకా 11 లక్షల మందికి కొత్త కిట్లు ప్రకటించింది, అందులో ఆరు నెలలకు ఆరు ప్యాకెట్లు. పక్కన ఆంధ్రప్రదేశ్ 2021 అక్టోబరులో 'స్వేచ్ఛ' పేరుతో నెలకు పది ప్యాడ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం 15-24 ఏళ్ల తెలంగాణ ఆడపిల్లల్లో 'పరిశుభ్రమైన పద్ధతి' వాడేవాళ్లు 90 శాతం దాటారు.

ఆ 90 శాతం లోపల ఏముందో కాస్త విప్పి చూడాలి. దేశం మొత్తం మీద అదే సర్వేలో 64 శాతం ప్యాడ్లు వాడుతున్నామన్నారు, 50 శాతం గుడ్డ వాడుతున్నామన్నారు. రెండూ కలిపితే వంద దాటుతుంది. అంటే చాలామంది రెండూ వాడుతున్నారు. బడికి పోయేటప్పుడు ప్యాడ్, ఇంట్లో ఉన్నప్పుడు గుడ్డ. నెలకు ఒక ప్యాకెట్ చొప్పున ఇస్తే జరిగేది ఇదే. రోజుకు మూడు మార్చుకుంటూ నాలుగైదు రోజులు గడిపే పిల్లకు పన్నెండు నుంచి పదిహేను కావాలి, మామూలు ప్యాకెట్లో ఉండేవి ఆరు నుంచి పది. తక్కువ పడినవాటిని ఒక్కో ప్యాడ్ ఎక్కువ గంటలు ఉంచుకుని సర్దుకుంటారు, లేదంటే దొరికిన గుడ్డతో. ఇంకో విచిత్రం ఉంది. శుభ్రంగా కుట్టిన, ఉతికి ఎండలో ఆరేసిన గుడ్డ ప్యాడ్ మాత్రమే వాడే పిల్ల ఈ సర్వేలో 'గుడ్డ' కిందికి పోతుంది, అపరిశుభ్రం లెక్కలో పడుతుంది. కప్పు వాడితే పరిశుభ్రం. కొలిచే కర్రే ఇలా ఉంటే గుడ్డ ప్యాడ్లు ఇచ్చే అధికారి తన జిల్లా అంకె తగ్గుతుందని భయపడకుండా ఎలా ఉంటాడు?

ఇక పరిశోధనలు ఏమన్నాయో చూద్దాం. ఈ ప్రశ్న మీద అందరూ ఉదహరించే ప్రయోగం నేపాల్ చిత్వన్‌లో జరిగింది. ఎమిలీ ఆస్టర్, రెబెకా థార్న్‌టన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు నాలుగు బడుల్లో 198 మంది ఆడపిల్లలను చీటీ తీసి రెండు జట్లు చేశారు, ఒక జట్టుకు కప్పులిచ్చారు. 2011లో ఫలితాలు వచ్చాయి. నెలసరి వల్ల పిల్లలు పోగొట్టుకుంటున్న బడి రోజులు ఏడాదికి అరరోజు కూడా లేవు. కప్పు ఇచ్చినా హాజరులో మార్పు రాలేదు. మానిన కొద్దిపాటి రోజులకు పిల్లలు చెప్పిన పెద్ద కారణం కడుపునొప్పి. అది ఏ ప్యాడ్‌తోనూ పోదు. అయితే ఆ ప్రయోగంలో నాకు మరింత విలువైనదిగా తోచే ఫలితాలు ఇంకో రెండు ఉన్నాయి. కప్పు అందిన పిల్లలకు ఆ రోజుల్లో బట్టలు ఉతికే పని తగ్గింది. స్నేహితురాళ్ల దగ్గర కప్పు ఉన్న పిల్లలు దాన్ని వాడటం త్వరగా నేర్చుకున్నారు. హాజరు మీద పందెం కాసిన పథకాలు ఈ రెండింటినీ పట్టించుకోలేదు.

ఉగాండాలోని కములి జిల్లాలో 2016లో వచ్చిన మోంట్‌గొమరీ బృందం ఫలితం దీనికి భిన్నం. ఉతికి వాడే ప్యాడ్లో, నెలసరి గురించిన పాఠమో, రెండూనో అందిన బడుల్లో హాజరు పడిపోవడం, ఏమీ అందని బడులతో పోలిస్తే 17 శాతం మేర తక్కువగా ఉంది. ప్యాడ్లు మాత్రమే అందిన చోటా, పాఠం మాత్రమే అందిన చోటా ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పాఠం చెప్పడం కూడా ప్యాడ్ ఇచ్చినంత పని చేసిందన్నమాట. పశ్చిమ కెన్యాలో 96 బడుల్లో జరిగిన పెద్ద ప్రయోగం 2023లో వచ్చింది. హెచ్‌ఐవీ, హెర్పిస్, బడి మానడం మూడూ కలిపి చూసిన లెక్కలో కప్పులు తేడా చూపలేదు. హెర్పిస్ ఒక్కటి తగ్గింది. ఈ రంగంలోని అధ్యయనాలన్నీ ముందేసుకుని 2016లోనే హెనిగన్, మోంట్‌గొమరీ రాసిన సమీక్ష, హాజరు మీద గట్టిగా ఏదీ చెప్పగల ఆధారాలు ఇంకా లేవని తేల్చింది. ఆ తర్వాత వచ్చినవి ఆ మాటను పెద్దగా మార్చలేదు.

మన నేల మీద దొరికే ఆధారం వేరే చోటి నుంచి వస్తుంది. 'యంగ్ లైవ్స్' అనే అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు వేల మంది పిల్లలను ఏళ్ల తరబడి అనుసరిస్తూ వచ్చింది, అందులో మహబూబ్‌నగర్ ఒక జిల్లా. ఆంధ్రప్రదేశ్ పిల్లల సమాచారంతోనే మధులిక ఖన్నా అనే ఆర్థికవేత్త పన్నెండేళ్లు నిండకముందే పెద్దమనిషి అయిన పిల్లల చదువు చూసింది. వాళ్ల బడి నమోదు సుమారు 13 శాతం పడిపోయింది. ఇది నెలకు రెండు రోజుల గైర్హాజరు సంగతి కాదు, బడి నుంచి పేరే పోవడం. రక్తం పీల్చే వస్తువు లేక పేరు పోదు. పిల్ల ఇప్పుడు 'పెద్దది' అయిందని ఇల్లూ ఊరూ అనుకోవడం వల్ల పోతుంది. హైస్కూలు మూడు నాలుగు కిలోమీటర్ల అవతల ఉంటే ఆ దారి మీద భయం మొదలవుతుంది. తెలంగాణలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిందని అయిదో విడత సర్వే చెప్పింది. ఆడపిల్ల పెళ్లికి ప్రభుత్వం డబ్బిచ్చే, 2014లో మొదలైన కల్యాణలక్ష్మికి పద్దెనిమిదేళ్ల నిబంధన పెట్టడం మంచిదే, కానీ చదువు ఆగాక పద్దెనిమిది దాకా ఇంట్లోనో చేలోనో గడిపే పిల్ల బడి లెక్కలోకి తిరిగి రాదు.

చేను అనగానే నడిగడ్డ గుర్తొస్తుంది. కృష్ణా తుంగభద్రల మధ్య గద్వాల, అలంపూర్ ప్రాంతంలో సీడ్ పత్తి వేసే చేలల్లో క్రాసింగ్ పని ఉంటుంది. పువ్వు విచ్చుకోకముందే దాని లోపలి పుప్పొడి భాగాన్ని గిల్లి తీసేసి, మర్నాడు మగ పువ్వును తెచ్చి అద్దాలి. ఒక్కో మొక్క దగ్గర వంగి, ఒక్కో పువ్వుకూ. ఈ పనికి ఏళ్ల తరబడి ఆడపిల్లలనే పెట్టారు. తక్కువ కూలికి వస్తారు, ఎదురు మాట్లాడరు. ఈ సంగతిని దావులూరి వెంకటేశ్వర్లు, లూసియా డా కోర్టా 2001లోనే వివరంగా రాశారు. పంట రోజుల్లో ఆ పిల్లల పేర్లు బడి రిజిస్టర్లో ఉన్నా మనుషులు చేలో ఉండేవాళ్లు. పక్కన రంగారెడ్డిలో, నల్లగొండలో శాంతా సిన్హా నడిపిన ఎం.వి. ఫౌండేషన్ పిల్లలను పని నుంచి తెచ్చి బ్రిడ్జి క్యాంపుల్లో కూర్చోబెట్టింది, పని మాన్పిస్తే తప్ప బడి సాగదని ఊళ్లను ఒప్పించింది. ఆ అనుభవం ఉన్న ప్రాంతంలో నిలబడి, ప్యాడ్ ఇస్తే పిల్ల బడికొస్తుందని చెప్పడానికి నాకు నోరు రాదు.

అయితే వస్తువు ముఖ్యం కాదా? చాలా ముఖ్యం, బడికి వచ్చిన పిల్లకు. తండా నుంచి పొద్దున ఎనిమిదింటికి బయల్దేరి సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరే పిల్ల పది గంటలు బయట ఉంటుంది. ఆ పది గంటల్లో కనీసం రెండుసార్లు మార్చుకోవాలి. మార్చుకోవడానికి గది కావాలి, గదికి లోపలి గడియ కావాలి, బకెట్లో నీళ్లు కావాలి, తీసేసింది పెట్టుకోవడానికి చోటు కావాలి. అన్ని బడుల్లో మరుగుదొడ్లు కట్టాలని సుప్రీంకోర్టు 2012 అక్టోబరులో గడువు పెట్టి చెప్పింది. ఆ గడువు పోయి చాలాకాలమైంది. మరుగుదొడ్డి కట్టడం వల్ల చదువు మీద పడే ప్రభావాన్ని అంజలి అదుకియా 2017లో కొలిచింది. బడిలో మరుగుదొడ్డి వస్తే నమోదు పెరిగింది, పెద్ద తరగతుల ఆడపిల్లలకు మాత్రం విడిగా వాళ్లకంటూ ఉంటేనే పెరిగింది. నమోదు మీద మనకున్న గట్టి ఆధారాల్లో ఇదొకటి, అదీ మన దేశపు బడుల మీద తీసింది.

పన్నెండు రకాల సౌకర్యాలతో, నీళ్లొచ్చే మరుగుదొడ్లతో సహా, 'మన ఊరు మన బడి' పథకాన్ని 2022 మార్చి 8న వనపర్తిలోనే ప్రారంభించారు. మహిళా దినోత్సవం నాడు, పాత పాలమూరు (మహబూబ్‌నగర్) గడ్డ మీద. తర్వాత 2024లో 'అమ్మ ఆదర్శ పాఠశాల' కమిటీలు వచ్చాయి. మహిళా సంఘాల వాళ్ల చేతికి బడి మరమ్మతులు, బడి పారిశుద్ధ్యానికి పిల్లల సంఖ్యను బట్టి నెలకు 3,000 నుంచి 20,000 రూపాయల దాకా. అంతకుముందు కొన్నేళ్లు బడి దొడ్లు కడిగే మనిషే లేని చోట్లు ఉన్నాయి. కట్టడానికి కోట్లు, కడగడానికి ఏమీ లేకపోవడం. తాళం వేసిన దొడ్డి ముందు ఆడపిల్లల ఇబ్బందిని నివేదికలో ఏ గడిలో రాస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తిరిగి వాడే సాధనానికి నీళ్లు ఇంకా ఎక్కువ కావాలి. ఉతికే ప్యాడ్‌ను ముందు చల్లటి నీళ్లలో అరగంట నానబెట్టాలి, వేడి నీళ్లు పోస్తే మరక పట్టేస్తుంది. ఆ నీళ్లు పారబోసి సబ్బు పెట్టి రుద్దాలి, సబ్బు పోయేదాకా రెండు మూడు సార్లు జాడించాలి, గట్టిగా పిండి, ఎండలో ఆరేయాలి. నాలుగైదు పొరల గుడ్డ కాబట్టి ఎండ బాగుంటే పూట పడుతుంది, వానాకాలంలో రెండు రోజులైనా చెమ్మ పోదు. నల్లగొండ మర్రిగూడ వైపు, దేవరకొండ వైపు బోరు నీళ్ల సంగతి దేశానికంతా తెలుసు, ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిన ప్రాంతం అది. ఉప్పు నీళ్ల బోర్లలో సబ్బు నురగ రాదు, గుడ్డ అట్టలాగా బిరుసెక్కుతుంది. ఇంటింటికీ తాగునీరిచ్చే మిషన్ భగీరథ పైలాన్ 2015 జూన్‌లో చౌటుప్పల్ దగ్గరే ఆవిష్కరించారు, కృష్ణా నీళ్లు ఇంటి నల్లాకు రావడం ఈ జిల్లాలో నిజంగా పెద్ద మార్పు. గుడ్డ ప్యాడ్‌కు ఇవాళ ఉన్న అవకాశం ఇరవై ఏళ్ల కిందట లేదని చెప్పడానికి అదొక కారణం.

ఎండ సంగతి నీళ్లకంటే కష్టం. పాలమూరులో ఎండకు కొదవలేదు. పిల్ల తన గుడ్డను దండెం మీద అందరికీ కనపడేలా ఆరేయలేదు, అంతే. తమ్ముడు చూస్తాడు, తాత చూస్తాడు, దారిన పోయేవాళ్లు చూస్తారు. అందుకని స్నానాల గదిలో తలుపు వెనక మేకుకు తగిలిస్తారు, లంగా కింద దాచి ఆరేస్తారు, మంచం కిందికి తోసేస్తారు. ఒడిశాలో టొరొండెల్ బృందం 2018లో వేసిన లెక్కలో, తిరిగి వాడే గుడ్డ వాడే ఆడవాళ్లలో ఫంగస్ ఇన్ఫెక్షన్లు ఎక్కువ కనిపించాయి. అంతకుముందు 2015లో దాస్ బృందం కూడా ఒడిశాలోనే ఇలాంటి సంగతే చెప్పింది. దాన్ని చూపించి గుడ్డ ప్యాడ్ ప్రమాదమని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. చెమ్మతో నీడలో ఆరిన ఏ గుడ్డయినా అంతే. నేరం గుడ్డను దాచిపెట్టాల్సి వచ్చే పరిస్థితిది. భారతీయ ప్రమాణాల సంస్థ 2021లో ఐఎస్ 17514 పేరుతో తిరిగి వాడే ప్యాడ్లకు, పీరియడ్ ప్యాంటీలకు ప్రమాణం తెచ్చింది కాబట్టి నాణ్యత అడిగే వీలు కూడా ఇప్పుడుంది. వస్తువు మంచిదా కాదా అన్న తగువు ఇక సగం తీరినట్టే.

కప్పుకు ఈ ఎండ బాధ లేదు. సిలికాన్‌తో చేసిన చిన్న గంట ఆకారం. నెలసరి మొదట్లోనూ చివర్లోనూ అయిదు పది నిమిషాలు నీళ్లలో మరిగిస్తే చాలు, మధ్యలో ఒంపి కడిగి మళ్లీ పెట్టుకోవచ్చు. పన్నెండు గంటల దాకా ఉంచుకోవచ్చంటారు తయారీదారులు, అంటే బడి రోజంతా సరిపోతుంది. ఏళ్ల తరబడి వస్తుంది. 43 అధ్యయనాలను కూర్చి 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్‌లో వచ్చిన సమీక్ష అది క్షేమమేనని చెప్పింది, వాడటం అలవాటు కావడానికి కొన్ని నెలలు పడుతుందని కూడా చెప్పింది. పెళ్లికాని పిల్ల శరీరంలోకి ఏదైనా పెట్టుకోవడమంటే కన్నెరికం పోతుందన్న భయం మన ఇళ్లల్లో చాలా బలంగా ఉంది. ఆ భయం తప్పే, కానీ దాన్ని ఏఎన్‌ఎం వచ్చి అరగంట చెబితే పోదు. అందుకే కర్ణాటక ప్రభుత్వం 2023లో 'శుచి, నన్న మైత్రి' పేరుతో కప్పులు పంచినప్పుడు దక్షిణ కన్నడ, చామరాజనగర్ జిల్లాల్లో పీయూసీ చదివే పెద్ద పిల్లలతో మొదలుపెట్టింది. కేరళ 2019లో అలప్పుళలో 'తింకళ్' కింద అయిదు వేల కప్పులు ఇచ్చింది, కుంబళంగి పంచాయతీ 2022లో ప్యాడ్లు లేని ఊరుగా ప్రకటించుకుంది. వాటి వెనక ఉన్న ప్రధాన కారణం చెత్త, చదువు ఆ తర్వాతే.

తెలంగాణలో దగ్గరి ఉదాహరణ సిద్దిపేట. అక్కడి మున్సిపాలిటీ 'ఋతుప్రేమ' పేరుతో ఒక వార్డుతో మొదలుపెట్టి ఇంటింటి ఆడవాళ్లకు గుడ్డ ప్యాడ్లు, కప్పులు ఇచ్చి వాడకం నేర్పింది, పసిపిల్లలకు గుడ్డ డైపర్లు కూడా. అక్కడా లక్ష్యం చెత్త తగ్గించడమే. పాత నల్లగొండలోంచి వచ్చిన ఆలోచన ఇంకొకటి ఉంది. యాదాద్రి భువనగిరి జిల్లా ముల్కలపల్లి జిల్లా పరిషత్ హైస్కూల్ ఆడపిల్లలు గుర్రపుడెక్క, మెంతులు, పసుపు, వేపాకు, సబ్జా గింజలతో మట్టిలో కలిసిపోయే 'స్త్రీ రక్ష' ప్యాడ్ చేశారు. 2020 నాటి స్కూల్ ఇన్నోవేషన్ ఛాలెంజ్‌లో దానికి గుర్తింపు వచ్చింది. అది ఉతికి వాడేది కాదు. కానీ ప్యాడ్ ఎక్కడ పారేయాలన్న ప్రశ్న ఆ పిల్లలకే ముందు తట్టింది. ఊరి కుంటల్లో పట్టిన గుర్రపుడెక్కను వాళ్లు దీనికి వాడాలనుకోవడం నాకు చాలా ఇష్టమైన సంగతి.

నొప్పి గురించి రెండు మాటలు చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. 21 వేలకు పైగా యువతుల సమాచారంతో ఆర్మర్ బృందం 2019లో చేసిన సమీక్షలో 71 శాతం మందికి నెలసరి నొప్పి ఉంది, నొప్పి వల్ల తరగతి మానేవాళ్లు అయిదో వంతు. తెలంగాణలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో రక్తహీనత 60 శాతం దాటి ఉంది. బడిలో నొప్పి మాత్ర ఉండదు, కాసేపు పడుకునే చోటు ఉండదు, మగ టీచరుకు చెప్పే మాట ఉండదు. 'ఇవన్నీ మామూలే, భరించాలి' అని పదమూడేళ్లకు నేర్చుకున్న పిల్ల ముప్పై అయిదేళ్లకు ఏమవుతుందో తెలుగు రాష్ట్రాలు రెండూ చూపిస్తున్నాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతంలో దేశంలో మొదటి రెండు స్థానాలూ ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవే. నెలసరి మీద మౌనానికి చివరికి చెల్లించే ధర అది. క్రిస్ బోబెల్ 2019లో రాసిన పుస్తకంలో నెలసరి పరిశుభ్రత ఉద్యమం పిల్లకు వస్తువు ఇచ్చి, నెలసరి గురించి మాట్లాడటం మరిచిందని విమర్శించింది. మన కిట్ల పథకాలకు అది సరిగ్గా తగులుతుంది.

ఇంత చూశాక మొదలుపెట్టాల్సిన చోటు ఆడపిల్లలు అక్కడే ఉండి చదివే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు (కేజీబీవీలు) అని నాకు తోస్తోంది. తెలంగాణలో 470కి పైగా ఉన్నాయి, ఆడవాళ్ల అక్షరాస్యత తక్కువున్న మండలాల కోసమే పుట్టినవి కాబట్టి పాలమూరు, నల్లగొండల్లో బాగానే ఉన్నాయి. అందులో చదివేది బడి మానినవాళ్లు, తల్లీతండ్రీ వలస పోయినవాళ్లు, తండాల పిల్లలు. అక్కడ తమ్ముడూ తాతా లేరు. డాబా మీద దండెం కట్టి గుడ్డ ప్యాడ్లు ఎండలో ఆరేయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. ఒక పిల్ల నేర్చుకుంటే పక్క మంచం పిల్లకు నేర్పుతుంది, చిత్వన్‌లో జరిగినట్టే. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ప్యాకెట్ అయిపోయిందన్న బాధ ఉండదు. కిట్ టెండర్ ఆలస్యమై రెండు నెలలు రాకపోయినా నడుస్తుంది. కిట్‌లో ఉతికి వాడే ప్యాడ్లు నాలుగు చేర్చి, ఇంటర్ పిల్లలకు కావాలంటే కప్పు ఇచ్చి, వద్దన్నవాళ్లకు పాత ప్యాకెట్లే ఇచ్చి చూడొచ్చు. ఎవరినీ బలవంతపెట్టకూడదు. గుడ్డ ప్యాడ్‌ను పేదవాళ్ల ప్యాడ్ చేస్తే పిల్లలు దాన్ని పెట్టె అడుగున పడేస్తారు, వాళ్లు చేసేది న్యాయమే.

ఏడాది తర్వాత ఏం లెక్కపెట్టాలన్నది కూడా ముందే రాసుకోవాలి. హాజరు రిజిస్టర్ వద్దనను, దాన్నే చూసి తీర్పు చెప్పొద్దంటాను. ఎంతమంది ఏది ఎంచుకున్నారు, ఎంతమంది మూడు నెలల తర్వాత కూడా వాడుతున్నారు, ఎంతమంది ఎండలో ఆరేస్తున్నారు, మంటా దురదా ఎంతమందికి తగ్గాయి, నొప్పికి మాత్ర అడిగినవాళ్లకు దొరికిందా, ఇంటికి పోయినప్పుడు తల్లికీ అక్కకూ నేర్పారా. వనపర్తిలో ఒకటి, దేవరకొండలో ఒకటి, గద్వాలలో సీడ్ పత్తి మండలాల్లో ఒకటి, ఇలా మూడు కేజీబీవీల్లో మొదలుపెట్టినా చాలు. దీనికి కావలసిన డబ్బు ఇప్పుడు ప్యాకెట్లు కొంటున్న డబ్బులోంచే వస్తుంది.